కట్టు విప్పిన కళ్ళకు ఒక చేప

మకస్సార్,
9 మార్చి 2003

లసూదిన్ అన్నయ్యకు,

సలాం. వదినకూ మీ అమ్మాయి ఇంతాంగ్‌కూ కూడా నా సలాములు చెప్పు. ఓడ వంటవాడు దాయెంగ్ సిబాలి రేపు మీవైపు బయల్దేరుతున్నాడని తెలిసి హడావిడిగా రాస్తున్నాను. పోస్టులో వేస్తే ఈ ఉత్తరం బోనె సిలో చేరేసరికి ఇంతాంగ్‌కు పెళ్ళయి పిల్లలు కూడా పుట్టేస్తారు.

నాకు పని మారింది. కంటి ఆసుపత్రిలో ఇన్నేళ్ళూ నేల తుడిచానా, ఇప్పుడు అక్వేరియం చూసుకునే మనిషినయ్యాను. ఇంతకుముందు చూసుకున్నతను సురబాయా వెళ్ళిపోయాడు. "సముద్రం గురించి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని మా డాక్టర్ తెన్రి అడిగితే అందరూ నావైపు వేలు చూపించారు. "హస్నియా బజో మనిషి కదా, సముద్రం మీదే బతికేవాళ్ళు, పిల్లలు పుట్టగానే నీళ్ళలో పడేస్తారట" అని ఒకామె. నవ్వి ఊరుకున్నాను. పని దొరుకుతుంటే కాదనడం ఎందుకు?

తొట్టి ఆరడుగుల పొడవుంటుంది. లోపల బతికున్న పగడాలు. ఆపరేషన్ అయినవాళ్ళకు కళ్ళకట్టు విప్పేది దానికెదురుగా ఉన్న బల్ల మీదే. అది డాక్టరమ్మ ఆలోచన. "ఏడాదిపాటు చీకట్లో ఉన్న మనిషి మొట్టమొదట నా ముక్కు రంధ్రాలు చూడ్డం ఏం బావుంటుంది హస్నియా?" అంటుంది.

కానీ ఇప్పుడు తొట్టిలో చూడ్డానికేం లేదు. బొటనవేలంత నీలిచేప ఒకటి మిగిలింది. మిగతావాటన్నిటినీ అదే పొడిచి చంపింది. పాలన వ్యవహారాలు చూసే హమ్జా గారు "ఉపవాసాల నెల లోపు ఇది బాగుపడాలి, లేకపోతే తీసేసి టీవీ పెట్టిస్తా" అన్నారు. టీవీ వస్తే నేను మళ్ళీ చీపురు పట్టుకోవాలి.

అందుకని ఒక చేప చెప్పు. దెబ్బలాడకూడదు. పగడాలు కొరకకూడదు. రోజంతా రాళ్ళ వెనక దాక్కోకూడదు. అప్పుడే తెరుచుకున్న కంటికి అందేలా నెమ్మదిగా తిరగాలి. ఈ ఊళ్ళో ఎవరి దగ్గరా లేనిదై ఉండాలి. చేపలు అమ్మే కొట్టువాడిని అడిగితే "అలాంటి పెళ్ళికొడుకే దొరకడు, చేప ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

ఒక్క మాట. పడవలోని కంప్రెసర్ నుంచి గాలి వచ్చే గొట్టం నోట్లో పెట్టుకుని, లోతుకు దిగి తెచ్చేది మాత్రం నాకొద్దు. ఆ గొట్టంతో దిగే ప్రాణం పోగొట్టుకున్న మా ఆయన అర్జాద్ సమాధి దగ్గర నాకు ఏం మాటిచ్చావో గుర్తుంది కదా.

నీ చెల్లెలు,
హస్నియా


బోనె సిలో,
2 ఏప్రిల్

హస్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి మీ వదిన లాక్కుని చదివింది. "మీ చెల్లెలు చేపకు పెట్టిన షరతులు నేను మొగుడికి పెట్టుంటే ఇప్పటికీ కన్నెపిల్లలాగే ఉండేదాన్ని" అంది.

ముందు ఆ నీలి రౌడీని బయటికి తియ్యి. అది ఉండగా దేవదూతను తెచ్చి పెట్టినా బతకనివ్వదు. వల పెట్టకు, పగడాలు విరుగుతాయి. మూతి వెడల్పున్న గాజు సీసా ఒకటి తీసుకుని, అడుగున రొయ్య ముక్క వేసి, పొద్దున్నే తిండి పెట్టకముందు తొట్టిలో పడుకోబెట్టు. ముందు సీసాతోనే దెబ్బలాడుతుంది. తర్వాత ఆకలేసి లోపలికి వెళ్తుంది. మూతి మీద చెయ్యి పెట్టెయ్.

ఇక నీ చేప. ఒకటి తట్టింది. తలకిందుల చేప. చిన్నప్పుడు సముద్రపు గడ్డిలో చూసి "అవి నమాజు చేస్తున్నాయా?" అని అడిగావు చూడు, అదే. వేలంత పొడుగు, గోరంత మందం, ఒంటి మీద నిలువునా ఒక నల్లగీత. తల కిందకీ తోక పైకీ పెట్టి నిలబడుతుంది. అలా నిలబడే నడుస్తుంది. పది ఉంటే పదీ ఒకేసారి తిరుగుతాయి. ఎవరినీ ఏమీ అనవు. మీ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

ఒక ప్రశ్న నన్ను రెండు రోజులుగా తినేస్తోంది. అది తలకిందులుగా ఉన్నానని అనుకుంటుందా, లేక మిగతా చేపలన్నీ పడుకుని ఈదుతున్నాయని అనుకుంటుందా? నీకేమైనా తెలిస్తే రాయి.

ఏడు పంపిస్తున్నాను. రెండు సంచులు, ఒకదానిలో ఒకటి, నిండా ఆక్సిజన్ పట్టించాం. దారిలో పెట్టె మూత తీయొద్దని దాయెంగ్ సిబాలికి చెప్పు. ఆయనకు చేప కనిపిస్తే ఉప్పూ కారమే గుర్తొస్తాయి.

అన్న,
లసూదిన్


మకస్సార్,
24 ఏప్రిల్

అన్నయ్యా,

నీలిచేప సీసాలో పడింది. మూడు గంటలు పట్టింది. సీసాలోంచి కూడా నావైపు దూకి కొట్టాలని చూసింది. కొట్టువాడికి ఇచ్చేశాను.

తలకిందుల చేపలు ఐదు బతికి వచ్చాయి. తొట్టిలో వదలగానే నర్సులందరూ పని మానేసి చేరారు. డాక్టరమ్మ మెడ వంచి, తల పక్కకు పెట్టి, చిన్నపిల్లలా చూసింది. నీ ప్రశ్న ఆమెకు చెప్పాను. "మన కంట్లో కూడా బొమ్మ తలకిందులుగానే పడుతుంది. మెదడు తిప్పి చూపిస్తుంది. ఆ చేప మెదడు ఏం చేస్తుందో మరి" అంది. అప్పటి నుంచి నాక్కూడా నిద్ర పట్టడం లేదు.

అంతా బాగానే ఉందనుకున్నామా, మూడో రోజు ఒక ముసలి వడ్రంగి తాతకు కట్టు విప్పారు. ఆయన తొట్టి చూశాడు. కళ్ళు నలిపాడు. మళ్ళీ చూశాడు. ఒక్కసారిగా కేక పెట్టాడు.

"అయ్యో! కన్ను తలకిందులుగా పెట్టేశారు!"

డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. "తాతా, ఇటు చూడు. నేను నిలువుగానే ఉన్నానా?"

"నువ్వు నిలువుగానే ఉన్నావమ్మా. సముద్రమే తిరగబడింది."

వరుసలో కూర్చున్న మిగతా కట్లవాళ్ళు ఇదంతా వింటున్నారు కదా. ఆపరేషన్ కోసం వచ్చి కూర్చున్న ఇద్దరు లేచి మాకు ఆపరేషన్ వద్దు, ఇంటికి పోతామన్నారు. వాళ్ళకు సర్దిచెప్పేసరికి సాయంత్రమైంది. పైగా ఆ చేపలు బతికున్న రొయ్యపిల్లలు తప్ప ఏమీ ముట్టవు. చివరికి చేపల చదువు చెప్పే కాలేజీవాళ్ళు వచ్చి ఆనందంగా పట్టుకెళ్ళారు.

అన్నయ్యా, మన పగడాల దిబ్బ అంచున సముద్రంలోకి నిలువునా దిగే పెద్దగోడ ఉంది చూడు, దాని గుహలో ఉంటుందని నువ్వు చెప్పే చుక్కల చేప ఉంది కదా. నల్లటి ఒళ్ళు, నిండా తెల్లచుక్కలు. భయం వేస్తే తల గుహలో పెట్టి తోక బయట ఉంచుతుందని, ఆ తోక పాముచేప తలలా కనిపిస్తుందని చెప్పేవాడివి. డాక్టరమ్మకు చెబితే కళ్ళు మెరిశాయి. అది దొరుకుతుందా?

హస్నియా


బోనె సిలో,
15 మే

హస్నీ,

వడ్రంగి తాత సంగతి చదివి మీ వదిన ఇంటి ముందు చెక్క వంతెన మీద నుంచి నీళ్ళలో పడబోయింది. ఊరంతటికీ చెప్పింది. ఇప్పుడు ఇక్కడ ఎవరు తడబడ్డా "సముద్రం తిరగబడిందా?" అంటున్నారు.

చుక్కల చేప వద్దు. పగలంతా గుహలోనే ఉంటుంది. మీవాళ్ళకు కట్టు విప్పేది పగలు కదా? పైగా చూడ్డానికి సాధువులా ఉంటుంది కానీ నోరు పెద్దది, చిన్న చేపల్నీ రొయ్యల్నీ మింగేస్తుంది. కళ్ళు మెరిసిన మీ డాక్టరమ్మకు ఈ మాట కూడా చెప్పు.

దానికన్నా మంచి జంట పంపిస్తున్నాను. ఇసుకలో బొరియ చేసుకునే రొయ్య, దాని గుమ్మంలో కాపలా కాసే చేప. ఆ రొయ్యకు చూపు సరిగ్గా ఆనదు హస్నీ. రోజంతా ఇసుక తవ్వి బయట పోస్తుంటుంది. బయటికి వచ్చినంతసేపూ దాని మీసం ఒకటి చేప ఒంటి మీద ఆనించే ఉంచుతుంది. ప్రమాదం వస్తే చేప తోక ఆడిస్తుంది, రొయ్య లోపలికి దూరుతుంది. ఆ వెనకే చేపా దూరుతుంది. ఒకరు ఇల్లు కడతారు, ఇంకొకరు చూసిపెడతారు. కంటి ఆసుపత్రికి ఇంతకన్నా ఏం కావాలి?

మొన్న ఆటు వేళ, నీళ్ళు తీసినప్పుడు, గుంజల మీద నిలబడ్డ మన ఇంటి కిందే గంటసేపు వాటిని చూస్తూ కూర్చున్నాను. అడుగున పాకుతూ వచ్చిన ముళ్ళబంతి ముల్లు పాదంలో గుచ్చుకుని రక్తం నీళ్ళలో పారుతుంటే ఇంతాంగ్ చూసి చెప్పేదాకా నాకు తెలియనే లేదు. అంత లీనమైపోయాను.

ఇసుక నాలుగు వేళ్ళ మందం ఉండాలి. మరిచిపోకు.

అన్న


మకస్సార్,
8 జూన్

అన్నయ్యా,

నీ జంట క్షేమంగా చేరింది. మీసం ఆనించి తిరగడం మేమందరం చూశాం. డాక్టరమ్మ అయితే కట్టుతో ఉన్న రోగుల దగ్గరికి వెళ్ళి ఆ కథ చెప్పి "మీకు తోడు వచ్చినవాళ్ళ చెయ్యి అలా పట్టుకోండి" అంది. నీ మాట ఇక్కడ అలా చెలామణీ అవుతోంది.

అయితే ఆ రొయ్య గోళ్ళతో తుపాకీలా చప్పుడు చేస్తుందని నువ్వెందుకు రాయలేదు?

సోమవారం పొద్దున హాల్లో ముప్ఫై మంది ఉన్నారు. టప్పుమంది. ఇంకోసారి టప్పుమంది. నర్సు ఫౌజియా "తొట్టి పగులుతోంది! అందరూ బయటికి!" అని అరిచింది. కట్లున్నవాళ్ళను ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి వేయించి వరుసగా పెరట్లోకి నడిపించాం. ఒక అవ్వ "భూకంపమా, పెళ్ళి ఊరేగింపా?" అని అడుగుతూనే నడిచింది. హమ్జా గారు బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. తీరా చూస్తే రొయ్య. పైగా రాయి కింద తవ్వేసి దాన్ని పగడం మీదికి దొర్లించింది. హమ్జా గారు గోడ మీద టీవీ ఎక్కడ బిగించాలో సుద్దతో గీత గీసి వెళ్ళారు.

ఇప్పుడొక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు పంపినవన్నీ మోకాలి లోతు నీళ్ళలోవే. గడ్డిలోది, ఇంటికింద ఇసుకలోది. నేను పెద్దగోడ చేప అడిగితే వంద వంకలు చెప్పావు. చేపలు కొనడానికి బయటి నుంచి వచ్చే వ్యాపారి కోసం మంచివన్నీ దాచిపెడుతున్నావా? లేక ఎనిమిదేళ్ళ క్రితం ఊరు వదిలి వచ్చేశానని నా మీద ఇంకా ఏమైనా మనసులో పెట్టుకున్నావా? ఉంటే తిట్టు. మోకాలి లోతు చేపలు పంపి తప్పించుకోకు.

హస్నియా


బోనె సిలో,
30 జూన్

హస్నియాకు,

నేనెవరి కోసమూ ఏదీ దాచలేదు.

గోడ చేప కావాలంటే కంప్రెసర్ పడవ ఎక్కాలి. ఆ సంగతి నీకు తెలియదా? సమాధి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నదానివి, ఇప్పుడు ఆసుపత్రిలో పేరు కోసం నన్నే దిగమంటావా? నగరంలో ఉంటే మాటలు ఇలాగే మారతాయేమో.

ఈసారి చేపలు లేవు. సిబాలి చేతికి వదిన ఎండుచేపలు ఇచ్చింది. అవి దెబ్బలాడవు, పగడాలు కొరకవు.

లసూదిన్


మకస్సార్,
17 జూలై

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. వ్యాపారి మాట అన్నందుకు క్షమించు. తర్వాత కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. అప్పుడు కొన్ని విషయాలు కుదరలేదు.

చుక్కల చేప గుహ ఎనిమిది బారల లోతు. కొయ్యతో చేసిన కళ్ళద్దాలు పెట్టుకుని, ఏ గొట్టమూ లేకుండా, ఒక్క మునకలో నువ్వు అక్కడికి వెళ్ళొచ్చేవాడివి. పడవలో కూర్చుని లెక్కపెట్టింది నేనే. కంప్రెసర్ మాట నేనెత్తలేదు. నువ్వెత్తావు. ఎందుకెత్తావు?

దాయెంగ్ సిబాలిని అడిగాను. మూడుసార్లూ పెట్టె ఇంతాంగే పడవ వేసుకుని తెచ్చిందట. "మీ అన్న వంతెన చివర కూర్చుని చెయ్యి ఊపాడు. లేవలేదు" అన్నాడు. ఓడ వస్తే అందరికన్నా ముందు ఈదుకుంటూ వచ్చేవాడివి నువ్వు.

ముళ్ళబంతి ముల్లు గుచ్చుకుంటే తెలియలేదన్నావు. అది గుచ్చుకుంటే రాయి కూడా అరుస్తుంది అన్నయ్యా. ఎంత లీనమైతే మాత్రం తెలియకుండా ఉంటుందా? ఇక్కడ రోగుల మధ్య తిరిగి తిరిగి నాకూ కొంత తెలిసింది. తిమ్మిరెక్కిన కాలికే అలా తెలియకుండా పోతుంది.

చేప సంగతి పక్కన పెట్టు. నీ కాలు ఎలా ఉంది?

నీ చెల్లెలు


బోనె సిలో,
9 ఆగస్టు

హస్నీ,

మూడు వారాలు ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మీ వదిన చివరికి "రాస్తావా, నన్ను రాయమంటావా?" అంది. అందుకని రాస్తున్నాను.

కిందటేడు ఏప్రిల్‌లో ఒట్టు తప్పాను. కంప్రెసర్ పడవ ఎక్కాను. డబ్బు కోసమైతే నీకు చెప్పుకోవడం తేలికయ్యేది. దాని కోసం కాదు. పెద్దగోడ అడుగున ఇసుక మైదానం ఉందని, అక్కడ వందల పాముచేపలు గడ్డిపరకల్లా నిలబడి ఊగుతాయని ఆ పడవలో దిగే బాకో చెప్పాడు. నలభై ఏళ్ళు ఆ గోడ పక్కనే బతికాను, దాని అడుగు చూడలేదు. ఒక్కసారి చూసొద్దామనిపించింది. మొదటిరోజు చూశాను. నిజంగానే ఊగుతున్నాయి. రెండోరోజూ వెళ్ళాను. మూడోరోజు పైన కంప్రెసర్ ఆగిపోయింది. గాలి లేదు. అంత లోతు నుంచి ఆగి ఆగి రావాలి, లేకపోతే నరాలు దెబ్బతింటాయి; నేను ఒక్క ఊపున పైకి వచ్చేశాను. పడవలో నవ్వుతూ కూర్చున్నాను కూడా. గంట తర్వాత లేవబోతే కాళ్ళు లేవు.

ఎడమ కాలు చాలావరకు తిరిగొచ్చింది. కుడి కాలు రాలేదు. కర్ర పట్టుకుని వంతెన చివరిదాకా నడుస్తాను, అంతే. నీకు చెప్పాలంటే కాలి సంగతితో పాటు ఒట్టు సంగతీ చెప్పాలి. అందుకే చెప్పలేదు. నువ్వు చేప అడిగినప్పుడు సంతోషం వేసింది. నన్ను ఇంకా చేపలు తెచ్చే మనిషిగానే అనుకుంటున్నావు కదా అని.

ఇప్పుడు నీ చేప గురించి. ఇది మొదటే రాయాల్సింది, సిగ్గుపడి రాయలేదు.

వంతెన స్తంభాల కింద నల్లటి పొడుగు ముళ్ళ ముళ్ళబంతులు ఉంటాయి కదా. వాటి ముళ్ళ మధ్య తెలుపూ నలుపూ పట్టెల చేప ఉంటుంది. పొడుగు రెక్కలు, రెక్కల నిండా తెల్లటి చుక్కలు. చిన్నపిల్లలు బుట్టతో పట్టి ఆడుకుంటారు. మనం దాన్ని చేపగానే లెక్కపెట్టం. అలాంటి చెత్త చేపను నగరానికి పంపితే "అన్న పని అయిపోయింది" అనుకుంటావని భయపడ్డాను.

కానీ ఏడాదిగా నాకు వేరే పని లేదు. వాటినే చూస్తున్నాను. ఒకరోజు ఒక మగది తిండి మానేసింది. మీ వదిన విదిలించిన అన్నం మెతుకులకు అన్నీ వచ్చాయి, అది రాలేదు. దవడ ఉబ్బి ఉంది. జబ్బనుకున్నాను. రోజూ చూశాను. వంతెన కర్ర మీద గోరుతో గీతలు గీశాను. పక్కనే తిండి తేలిపోతున్నా నోరు తెరవదు. ఒళ్ళు సగమైంది. ఇక చస్తుందనుకున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున అది ముళ్ళబంతి దగ్గరికి వెళ్ళి నోరు తెరిచింది. లోపలి నుంచి పిల్లలు వచ్చాయి హస్నీ! బియ్యపు గింజంత. అంతంత వాటికీ అవే పట్టెలు, అవే రెక్కలు. ఒక్కొక్కటే వచ్చి ముళ్ళ మధ్యకి దూరాయి. ముప్ఫై దాకా లెక్కపెట్టాను, తర్వాత నా కళ్ళే మసకబారాయి. తల్లి ఎప్పుడో గుడ్లు అప్పగించి తన దారిన పోయింది. నెలరోజులు పస్తుండి మోసింది తండ్రి.

నలభై ఏళ్ళు వాటి పక్కనుంచే గోడకేసి ఈదుకుంటూ పోయాను. నాకు తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఎవరి జోలికీ పోదు. పగడాలు ముట్టదు. ఒక్క చోట గాల్లో వేలాడినట్టు నిలబడుతుంది. తెలుపూ నలుపూ కాబట్టి కొత్త కంటికీ అందుతుంది. ఒక్కటే జాగ్రత్త. మగవి ఎక్కువైతే వాటిలో అవి తగవు పడతాయి, ఒక్క జంట చాలు. చచ్చిన రొయ్య ముక్కలు కూడా తింటుంది.

నీకు కావాలంటేనే పంపుతాను. అన్న మీద కోపం పోయాకే చెప్పు.

లసూదిన్


మకస్సార్,
28 ఆగస్టు

అన్నయ్యా,

కోపం పోలేదు. పోదు కూడా. రెండు రోజులు తొట్టి అద్దం తుడిచిందే తుడిచాను. మూడోరోజు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి "ఏమైంది?" అంటే నీ ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను.

గోడ అడుగున ఏముందో చూడాలనిపించింది అని రాశావు. అర్జాద్ కూడా అదే అనేవాడు. డబ్బుకని నాకు చెప్పి వెళ్ళేవాడు, తిరిగొచ్చాక మాత్రం ఏం చూశాడో చెప్పేవాడు. డబ్బు గురించి ఒక్కసారీ చెప్పలేదు. ఆయన మీద ఎనిమిదేళ్ళుగా దాచుకున్న కోపం కూడా నీ ఉత్తరంతో పైకి వచ్చింది. మీ ఇద్దరికీ కలిపి ఒకేసారి తిడతాను, రా.

అవును, రా. ఉత్తరం కాదు, పెట్టె కాదు, నువ్వే. డాక్టరమ్మ నరాల డాక్టరుతో మాట్లాడింది. ఇంత ఆలస్యమయ్యాక పూర్తిగా నయం చేస్తామని ఎవరూ చెప్పరట. కానీ మిగిలిన కాలు చెడకుండా చూడొచ్చు, కాలికి పట్టీ చేయించొచ్చు అంది. సెప్టెంబరు పదిహేనో తేదీ ఓడకు టిక్కెట్టు సిబాలి దగ్గర ఉంది.

ఇంకో సంగతి. డాక్టరమ్మ నీ చేప గురించి పుస్తకాలు తిరగేసింది. తిరగేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "హస్నియా, ఈ చేపకు పుట్టిల్లు మీ దీవులేనట! ప్రపంచంలో ఇంకే సముద్రంలోనూ పుట్టదట!" అంది. బుట్టతో పట్టి ఆడుకున్నాం అన్నయ్యా మనం దాన్ని.

ఒక జంట తీసుకురా. ఒక ముళ్ళబంతి కూడా. పెట్టె నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చో. సిబాలికి ఇవ్వకు.

హస్నియా


బోనె సిలో,
20 అక్టోబరు

హస్నీ,

నిన్న ఇల్లు చేరాను. వంతెన మీద ఊరు ఊరంతా ఉంది. కాలి పట్టీ చూసి పిల్లలు దాన్ని తట్టి తట్టి శబ్దం విన్నారు. డాక్టరు చెప్పినవి మీ వదినకు ఉన్నదున్నట్టు చెప్పాను. కుడి కాలు ఇంతే. ఎడమది నిలబడుతుంది. ఇక నీళ్ళలోకి దిగితే నడుము దాకానే. ఆమె విని "నడుము దాకా చాలు, అంతకన్నా లోతు వెళ్ళి ఏం ఉద్ధరించావు?" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఓడరేవులో నువ్వు నా కర్ర చూశావు కానీ ముఖం చూడలేదు.  ఇంటికి వెళ్ళాక అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, "గోడ అడుగున పాముచేపలు ఎలా ఊగుతున్నాయో చెప్పు" అన్నావు. తిడతావని సిద్ధపడి వచ్చానే, ఆ మాటకు మాత్రం సిద్ధంగా లేను. చెయ్యి ఊపి చూపిస్తూ చెప్పానా, నువ్వు వింటూ ఏడ్చావు. "అర్జాద్ కూడా అచ్చం ఇలాగే చెయ్యి ఊపి చూపించాడు" అన్నావు. అప్పుడు తిట్టావు. తిట్టించుకున్నాక తిన్న ఆ అన్నం రుచి ఇంకా నోట్లోనే ఉంది.

హమ్జా గారికి నా సలాం చెప్పు. గోడ మీది సుద్దగీత ఆయనే తుడిచారని రాశావట వదినకు. తొట్టి ముందు బల్ల మీద నన్ను పదిరోజులు కూర్చోనిచ్చినందుకు డాక్టరమ్మకు ఏం ఇవ్వగలను? కట్టు విప్పినవాళ్ళు అడిగినవాటికి సమాధానం చెప్పడం నా జీవితంలో చేసిన పనులన్నిటికన్నా బాగా నచ్చింది. ఒక పంతులమ్మ అడిగింది, "నోట్లో పిల్లలుంటే అది ఆవులిస్తే ఎలా?" అని. నాకు తెలియదు. ఇప్పుడు వంతెన మీద కూర్చుని అది ఆవులిస్తుందేమోనని చూస్తున్నాను. నువ్వూ చూడు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. వచ్చిన మర్నాడు పొద్దున నువ్వు బకెట్లు కడుగుతున్నప్పుడు నేను ఒక్కడినే తొట్టి ముందు కూర్చున్నాను. వంతెన మీద నుంచి చూస్తే కనిపించేది చేపల వీపులే. అక్కడ నేను తెచ్చిన ఆ రెండూ నా ముఖానికి ఎదురుగా, కంటికి కన్ను పెట్టి, నిలబడ్డాయి. రెక్క అంచు చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి ఛాతీ బిగుసుకుపోయింది, చెవులు హోరుమన్నాయి. పక్కన కట్టుతో కూర్చున్న పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని "ఏమయ్యా, నీ ఊపిరి వినపడ్డం లేదే? బాగానే ఉన్నావా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది, ఊపిరి బిగబట్టి కూర్చున్నానని.

చేపకు ఎదురుపడితే అలాగే చూడటం అలవాటు హస్నీ. ఇంకెంత గాలి మిగిలిందో లోపల లెక్కపెట్టుకుంటూనే చూశాను నలభై ఏళ్ళూ. గాలి అయిపోతే పైకి రావాలి, చేప అక్కడే ఉండిపోతుంది. కంటికి కన్ను పెట్టి ఏ చేపనూ అంతకుమించి చూసింది లేదు.

"బాగానే ఉన్నాను" అన్నాను ఆయనతో. ఊపిరి వదిలాను. మళ్ళీ పీల్చాను. చేప ఎక్కడికీ పోలేదు.

అన్న,
లసూదిన్